మూగనోము

ఫ్లిండర్స్ కొండల కింద, ఎండిన వాగు ఒడ్డున
సాయంత్రం నాలుగింటికి మా కారవాన్ ఆగింది.
నీలగిరి చెట్ల కింద నోలీన్ మడత కుర్చీలు విప్పుతుంటే
నేను కొత్త పెట్టెను కిందికి దించాను.
పన్నెండు కిలోలు.
ముందు వైపు చిన్న అద్దం, అందులో ఒక అంకె.
నూరు.

పాత జనరేటర్ పోర్ట్ అగస్టాలో ఉండిపోయింది,
షెడ్డులో, గోనె కప్పుకొని.
పంతొమ్మిదేళ్ళు నాతో తిరిగిన మొండిఘటం.
తాడు మూడుసార్లు లాగితేగాని లేచేది కాదు,
లేచాక వాగంతా దాని పెత్తనమే.
పెట్రోలు తాగేది, నీలిపొగ కక్కేది,
మా రాత్రి భోజనంలో కూడా దాని వాసనే.

పోయిన ఏడాది, ఇదే చోట,
పక్క టెంటులోంచి ఒకావిడ
చంటిబిడ్డను భుజాన వేసుకొని వచ్చింది.
ఏమీ అనలేదు.
జనరేటర్ పక్కన కాసేపు నిలబడింది, అంతే.
దానికంటే నాలుగు తిట్టినా నయం.

ఆపడానికి వీల్లేదమ్మా అని
నోరు తెరిచి చెప్పలేకపోయాను.
నోలీన్‌కి నిద్రలో ఊపిరి ఆగుతుంది.
ముక్కుకి తొడుగు, తొడుగుకి గొట్టం,
గొట్టానికి మిషను, మిషనుకి కరెంటు.
ఆ చివరి కొస నా చేతిలో.

నిజం చెప్పాలంటే ఆ రొదలోనే నాకు నిద్ర పట్టేది.
అది అరుస్తున్నంతసేపూ
ఆమె ఊపిరి నడుస్తున్నట్టే లెక్క.
లెక్క తప్పినా నాకు తెలిసేది కాదు,
ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఈ పెట్టె తీరు వేరు.
మీట నొక్కితే ఒక పచ్చచుక్క.
పొగ లేదు, వణుకు లేదు,
మూగనోము పట్టినట్టు మూల కూర్చుంది.
పని చేస్తోందా? అంకె చూడాలి.
తొంభై ఆరు.
మళ్ళీ లేచి చూశాను. తొంభై నాలుగు.
పని చేసేది చప్పుడు చేస్తుందని
నలభయ్యేళ్ళు డీజిలు షెడ్డులో నేర్చుకున్నవాణ్ని,
నోరు విప్పనిదాన్ని ఎలా నమ్మను?

మిషనులో నీళ్ళు వేడిచేసే ముక్క కట్టేస్తే
బ్యాటరీ రెండు రాత్రులు వస్తుందని
దుకాణంలో కుర్రాడు చెప్పాడు. కట్టేశాను.
చలికి నీరసపడుతుందని కూడా అన్నాడు.
గాలి రంధ్రాలు వదిలి
నా ఉన్నికోటు దానికి కప్పాను.
నేను వణుకుతూ పడుకున్నాను.

రెండింటప్పుడు మెలకువ వచ్చింది.
ఏమీ వినపడలేదు.

ఏమీ.

దుప్పటి తన్నేశాను. టార్చి చేతికి దొరకలేదు.
మోకాలు సింకు అంచుకి కొట్టుకుంది.
"నోలీన్!"

"అరవకు, ఎగిరిపోతుంది," అంది చీకట్లోంచి.
తొడుగు మెడ మీదికి జారి ఉంది.
కిటికీ తెరిచి ఉంది. చలి లోపలే ఉంది.
మిషను తనే ఆపిందట. కావాలనే.
"విను."

వాగు అవతల ఒక గుడ్లగూబ
రెండే అక్షరాలు అంటోంది. ఆగుతోంది.
మళ్ళీ అవే రెండు.
చాలా దూరం నుంచి, తొందరేం లేకుండా,
ఇంకొకటి బదులిస్తోంది.
పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడికే వస్తున్నాం.
ఇవి అప్పుడూ ఉండే ఉంటాయి.

రెండు పిలుపుల మధ్య ఖాళీలో
ఇంకో చప్పుడు పట్టుకున్నాను.
కాస్త గరగర, చివర్లో సన్నటి ఈల.
తొడుగు లేని ఆమె ఊపిరి.
పెళ్ళయిన కొత్తలో విన్నది,
ఎప్పుడు పోగొట్టుకున్నానో గుర్తులేనిది.

"ఇక పెట్టుకో," అన్నాను.
"ఇంకొంచెం సేపు," అంది.
ఆ కొంచెం సేపూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను,
గుడ్లగూబను కాదు.

తెల్లారి అద్దంలో అంకె: అరవై మూడు.
కొండ మీంచి ఎండ ఇంకా దిగలేదు.
నోలీన్ గ్యాసు మీద టీ పెట్టింది.
పెట్టె మీది కోటు తీసి తొడుక్కున్నాను.
జేబులు వెచ్చగా ఉన్నాయి.